తాడు విప్పి చూశావా

మేస్త్రి మావయ్య పోయారని మంగళవారం ఉదయం ఏడున్నరకి వదిన ఫోన్ చేసి చెప్పింది. "నాన్న లేరు" అంది. నేను గుడివాడలో మా మేడ మీది గదిలో ఆఫీసు పని మొదలుపెట్టబోతున్నాను. ఎప్పుడు, ఎలా అని ఏదో అడిగాను. "ఇందాకే. రోజూలాగే అయిదింటికి లేచారు. ఫోన్ చూసుకున్నారు. సగం గ్లాసు టీ తాగి మళ్లీ పడుకున్నారు. లేపితే లేవలేదు" అంది. ఫోన్ చూసుకున్నారు అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఆయన ఆ ఫోన్లో ఏం చూడాలనుకున్నారో, ఎందుకు కనపడలేదో ఇప్పుడు నాకు తెలుసు. కనపడకుండా చేసినదాన్ని నేనే.

ఆయన నాకు రక్తసంబంధీకుడు కాదు. బందరు గిలకలదిండిలో మా పక్కిల్లు. మా నాన్న ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవారు, ఆయన హార్బరులో బోటు ఇంజన్ల మేస్త్రి. మేం ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లం, వాళ్లు గంగమ్మకి మొక్కేవాళ్లు. ఆయన మా అమ్మని చెల్లెమ్మా అని పిలిచేవారు కాబట్టి నాకు మావయ్య అయ్యారు, ఆయన కూతురు నాకు వదిన అయింది. నేను చదువుకుని, మొబైల్ యాప్‌లు తయారుచేసే ఉద్యోగంలో చేరి, పెళ్లయి గుడివాడ వచ్చేశాక కూడా, బందరు వెళ్లినప్పుడల్లా మా ఇంటికంటే ముందు ఆయన షెడ్డు తగిలేది. సంచీ భుజాన ఉండగానే అక్కడ ఆగిపోయేదాన్ని. మా అమ్మ గుమ్మంలోంచి కేకలేసేది.

షెడ్డుకి జబ్బు చేసిన ఇంజను రాగానే మావయ్య దాన్ని ముట్టుకునేవారు కాదు. మడత స్టూలు మీద కూర్చుని ముందు మనిషిని అడిగేవారు. "ఆఖరున చెయ్యి పెట్టిందెవరు? ఏం మార్చారు?" బోటువాళ్లు చెప్పేది ఎప్పుడూ ఒకటే. "ఏం మార్చలేదు మేస్త్రీ. బాగానే ఉండేది, ఉన్నట్టుండి ఆగింది." ఆయనకి ఒళ్లు మండేది. "బాగానే ఉంటే నా దగ్గరికెందుకు తెచ్చావురా? ఇంటికి తీసుకెళ్లి మంచం మీద పడుకోబెట్టు." 'బాగానే ఉంది' అనే మాట ఆయనకి పడేది కాదు. పాడైపోయిన ఇంజనుతో ఎంతకాలమైనా వేగుతాను, బాగానే ఉందనేవాడితో ఒక్క పూట వేగలేను అనేవారు.

ఆ తర్వాత పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి ఆనించి, కళ్లు మూసుకుని వినేవారు. పక్కన చేపల వేలంపాట కేకలు, ఐసు దంచే మిషను చప్పుడు, ఏవీ ఆయనకి పట్టేవి కావు. వినడం అయ్యాక పాత గుడ్డ తీసుకుని వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకునేవారు. బొటనవేలితో మొదలుపెడితే చిటికెనవేలి దగ్గరికొచ్చేసరికి ఏం పోయిందో చెప్పేవారు. నేను చిటికెనవేలి కోసం ఎదురుచూస్తూ నిలబడేదాన్ని.

ఆయనకొక పద్ధతి ఉండేది. దాన్ని చూసి రేవంతా విసుక్కునేది. రిపేరయ్యాక ఇంజను గట్టున ఎంత హాయిగా తిరిగినా పని అయిందనేవారు కాదు. బోటులో ఐసు నింపాలి, డీజిలు నింపాలి, వలలు ఎక్కించాలి, కలాసీలందరూ ఎక్కాలి, ఆయన కూడా ఎక్కాలి. మొగ దాటాలి. అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు దాటి, అలల్లో కాసేపు నడిపి, మళ్లీ లోపలికి రావాలి. వచ్చాక గానీ ఇంజనుకి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేవారు కాదు. బొట్టు లేదంటే మేస్త్రి ఇంకా ఒప్పుకోలేదన్నమాట. చేపలు బాగా పడే రోజుల్లో ఓనర్లు బతిమాలుకునేవాళ్లు. "గట్టున చక్కగా తిరుగుతోంది కదండీ, పెట్టెయ్యండి బొట్టు." ఆయన తలెత్తకుండానే అనేవారు. "తాడు కట్టేసుంది కదా, ఎందుకు తిరగదు? తాడు విప్పాక చూద్దాం."

ఎంత చాదస్తం అని నేను నవ్వుకునేదాన్ని. నవ్వుకోవడం తప్ప అందులోంచి నేను నేర్చుకున్నది ఏమీ లేదని ఇప్పుడు తెలిసింది.

రెండేళ్లుగా ఆయనకి ఆయాసం ఎక్కువైంది. జీవితమంతా డీజిలు పొగ పీల్చిన మనిషి. అయినా పని మానలేదు. ఆఖరుగా ఒక బోటు ఇంజను మొత్తం విప్పి, ఒక్కో ముక్కా కడిగి, మళ్లీ కట్టారు. నెల పైన పట్టింది. మర్నాడు మొగ దాటించి చూద్దామనుకున్న రోజు షెడ్డులోనే కూలబడ్డారు. ఆస్పత్రి నుంచి వదిన తిన్నగా నాగాయలంకలో తన ఇంటికి తీసుకెళ్లిపోయింది. అత్తయ్య పోయి చాలా కాలమైంది, గిలకలదిండిలో చూసేవాళ్లెవరు? వదిన వాళ్లది రొయ్యల చెరువుల పక్కన ఇల్లు. మంచం, మంచం పక్కన ఆక్సిజన్ మిషను. గుమ్మం దాకా నడిస్తే ఆయాసం. బందరు వెళ్లి వచ్చే ఓపిక లేదు, డాక్టరు ఒప్పుకోలేదు కూడా. ఆ బోటు బొట్టు లేకుండానే వేటకి వెళ్లిపోయింది.

ఫోన్ చేస్తే బోటు డ్రైవరు చెప్పేవాడు. "ఇంజను బాగానే ఉంది మేస్త్రీ. మీరు రెస్టు తీసుకోండి." పాపం, అతను నిజమే చెప్పాడు. కానీ ఆయన దగ్గర ఏ మాట అనకూడదో ఆ మాటే అన్నాడు. నేను పలకరించడానికి ఫోన్ చేసినప్పుడు మావయ్య అది పట్టుకుని కూర్చున్నారు. "బాగానే ఉందంటాడమ్మడూ. అందరూ అంటారు. అది మొగ దాటి వెళ్లడం, నిండుగా తిరిగి రావడం నేను చూడాలి. అప్పుడు గానీ నా పని అయినట్టు కాదు." ఆయనకి నన్ను అడిగిన కోరిక అంటూ ఉంటే ఇదొక్కటే. ఇంకేమీ అడగలేదు, ఎప్పుడూ.

అది నా చేతిలో పనే. అప్పటికే బోట్లవాళ్ల సంఘం అడిగితే సెలవు రోజుల్లో ఒక యాప్ తయారుచేస్తున్నాను. బోటులో చిన్న పెట్టె పెడితే అది ఎక్కడున్నదీ కబురు పంపుతుంది. ఇంట్లోవాళ్లు ఫోన్లో చూసుకోవచ్చు. ఏ బోటు గట్టున ఉంది, ఏది మొగ దాటింది, ఏది తిరిగొచ్చింది. మావయ్య ఆఖరి ఇంజను ఉన్న బోటుకి అందరికంటే ముందు పెట్టె పెట్టించాను. హార్బరులో ఓ పదిమంది ఫోన్లలో యాప్ నేనే స్వయంగా వేశాను, వలలు కుట్టుకునే చోట కూర్చుని, ఒక్కొక్కరి ఫోనూ కేబులుతో నా ల్యాప్‌టాప్‌కి కలిపి. అందరికీ పనిచేసింది. మావయ్య నాగాయలంకలో ఉన్నారు కాబట్టి ఆయనకి లింకు పంపాను.

మర్నాడు ఆయనే ఫోన్ చేశారు. "వస్తోంది, పోతోంది అమ్మడూ."

"పోవడమేంటి మావయ్యా?"

"నొక్కితే తెర తెల్లగా అవుతుంది. బోటు బొమ్మ వస్తుంది. మూడు అంకెలు లెక్కపెట్టేసరికి మూసుకుపోతుంది. నాలుగుసార్లు చూశాను. నాలుగుసార్లూ మూడే."

ఏ ఇంజనీరూ ఇంతకంటే వివరంగా చెప్పడు. దానికి నేనిచ్చిన జవాబు రాయాలంటే సిగ్గుగా ఉంది. "నా దగ్గర బాగానే ఉంది మావయ్యా. హార్బరులో అందరికీ పనిచేస్తోంది. మీ ఫోన్ పాతది కదా, అందుకని."

ఆయన ఫోన్ పెట్టేశారు. ఆయాసం వల్ల పెట్టేశారనుకున్నాను.

రెండు రోజులకి మళ్లీ చేశారు. "అమ్మాయి ఫోన్లో కూడా వేయించాను. అందులోనూ మూడే." వదిన ఫోను కూడా పాతదే కదా అన్నాను. "రెండు ఇంజన్లు ఒకేలా ఆగితే ఇంజన్లని అనకూడదమ్మడూ, పోసిన డీజిలు చూసుకోవాలి. నువ్వు హార్బరులో వాళ్లకి పెట్టిందీ నాకు పంపిందీ ఒకటేనా?"

"ఒకటే మావయ్యా" అన్నాను. అబద్ధం చెప్పాలని కాదు. ఒకటే అనుకున్నాను.

ఇక్కడ మా పని గురించి కొంచెం చెప్పాలి. యాప్‌ని మేం రెండు రకాలుగా తయారుచేస్తాం. మేం పని చేసుకునేటప్పుడు వాడుకునేది డీబగ్ బిల్డ్. కేబులుతో ఫోన్లోకి ఎక్కించేది అదే. అందులో రాసినవన్నీ రాసినట్టే ఉంటాయి. జనం చేతికి ఇచ్చేది రిలీజ్ బిల్డ్. అది తేలిగ్గా ఉండాలి కాబట్టి, తయారయ్యేటప్పుడు ఒక సాధనం మేం రాసినదంతా గాలించి, ఎవరూ పిలవడం లేదనిపించిన భాగాలని తీసి పారేస్తుంది. మిగిలినవాటి పేర్లు కుదించి ఒంటి అక్షరాలు చేస్తుంది. రెండూ ఒకే రాతలోంచి వచ్చినా ఒకటి కాదు. నేను నెలల తరబడి నడిపి చూసుకుంటున్నది కేబులు కట్టి ఉన్న డీబగ్ బిల్డ్‌ని. హార్బరులో వేసిందీ అదే. లింకులో పంపింది రిలీజ్ బిల్డ్. దాన్ని అందుకున్నది మావయ్య ఇంట్లో రెండు ఫోన్లు, అంతే. ఉద్యోగంలో చేరిన పిల్లలకి వారం తిరక్కుండా నేనే చెప్పే పాఠం ఇది.

యాప్ పడిపోయినప్పుడల్లా నాకు ఒక రిపోర్టు వస్తుంది. ఆయనదీ వచ్చింది. తెరిచాను. ఎక్కడ పడిందో చెప్పాల్సిన చోట ఎ, బి, సి అని ఒంటి అక్షరాలు. వాటి అసలు పేర్లు చెప్పే జాబితా ఒకటి ఉంటుంది, బిల్డ్ తయారైనప్పుడే దాన్ని దాచుకోవాలి. నేను దాచుకోలేదు. కింద 'రెండు ఫోన్లు' అని ఉంది. రెండు ఫోన్ల కోసం ఇప్పుడు ఇదంతా ఎవరు తవ్వుతారని, పక్కనే 'వదిలేయి' అని బటన్ ఉంటే నొక్కాను. అది నొక్కాక మళ్లీ ఎన్నిసార్లు పడినా మనకి చెప్పదు. రిపోర్టులు ఒక మూలకి పోయి పడుంటాయి.

పదిహేను రోజుల తర్వాత ఒక ఆదివారం, ల్యాప్‌టాప్ పట్టుకుని నాగాయలంక వెళ్లాను. పామర్రులో ఒకసారి, అవనిగడ్డలో ఒకసారి బస్సు మారాను. మావయ్య నాకోసం గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని మంచం మీద కూర్చున్నారు. సగానికి సగం అయిపోయారు. ఫోను నా చేతికిచ్చి, పక్కనున్న తువ్వాలు తీసుకుని వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకున్నారు. ఆ వేళ్లకి అప్పుడు మసి లేదు.

ఫోన్లో పాత ఫైళ్లు అవీ చెరిపేసి, కేబులు కలిపి యాప్ ఎక్కించాను. ఆయన పైకే లెక్కపెట్టారు. "ఒకటి, రెండు, మూడు, నాలుగు..." నాలుగు అన్నప్పుడు ఆయన మొహం చూడాలి. వదినని కేకేశారు. బోట్ల వరస కనపడింది. ఆయన బోటు కోసం వేలితో వెతుక్కున్నారు. "గట్టునే ఉంది" అన్నారు.

"రేపు పొద్దున్న వెళ్తుందట మావయ్యా."

"అయితే రేపు చూస్తాను."

జరిగిపోయిన ట్రిప్పులు చూపించే పని అప్పటికింకా నేను చెయ్యలేదు. బోటు ఇప్పుడెక్కడుందో మాత్రమే కనపడేది. ఒక్కరోజేగా, రేపు చూస్తారులే అనుకున్నాను.

అక్కడితో లేచి వచ్చేసి ఉంటే చాలు. కానీ నాకు పద్ధతి ఎక్కువ. డీబగ్ బిల్డ్ బయటివాళ్ల ఫోనులో వదలకూడదని మా వృత్తిలో ఒక నియమం. హార్బరులో తొందరలో ఆ నియమం మర్చిపోయాను, వాళ్ల అదృష్టం. నాగాయలంకలో వదిన పెట్టిన అన్నం తిని, తీరిగ్గా కూర్చున్నాను కాబట్టి గుర్తొచ్చింది. పనిచేస్తున్నదాన్ని తీసేసి, లింకులోంచి రిలీజ్ బిల్డ్ మళ్లీ వేశాను. ఫోను శుభ్రం చేశాను కదా, ఇక గొడవ లేదనుకున్నాను. తెరిచి చూడలేదు. బస్సు టైమవుతోంది.

కేబులు చుట్టుకుంటుంటే మావయ్య దానివైపే చూస్తూ అడిగారు. "తాడు విప్పి చూశావా?"

నాకు నవ్వొచ్చింది. "చూశాను మావయ్యా. బాగానే ఉంది."

"సరే" అన్నారు.

అవనిగడ్డ బస్టాండులో బస్సెక్కి కూర్చున్నాక ఫోన్ మోగింది. "మూడు అంకెలమ్మడూ" అన్నారు. గొంతులో కోపం లేదు. బస్సు కదులుతోంది. దిగి వెనక్కి వెళ్లుంటే గంటలో పని అయిపోయేది. "వచ్చే ఆదివారం వస్తాను మావయ్యా" అన్నాను. "అలాగే. నువ్వు చిన్నబుచ్చుకోకు. దొరుకుతుంది. ఎక్కడ వెతకాలో అక్కడ వెతుకు" అన్నారు.

తర్వాత అయిదు ఆదివారాలు వచ్చాయి. ఒక ఆదివారం ఆఫీసు పని పడింది. ఒక ఆదివారం మా అత్తగారి తరఫు చుట్టాలొచ్చారు. మిగతా మూడు ఆదివారాలు ఎందుకు వెళ్లలేదో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. ఫోన్ చేస్తే మావయ్య యాప్ ఊసెత్తేవారు కాదు. మా ఆయన ఎలా ఉన్నారు, గుడివాడలో నీళ్లు బాగుంటున్నాయా, అంతవరకే. ఆయన మర్చిపోయారని నేను సంతోషించాను కూడా.

నాగాయలంకలోనే అంత్యక్రియలు జరిగాయి. హార్బరు నుంచి రెండు వ్యాన్ల నిండా వచ్చారు. ఆయన ఆఖరి ఇంజను ఉన్న బోటు డ్రైవరు నా పక్కన నిలబడి ఏడుస్తూ చెప్పాడు. "ఇంజను గుండ్రాయిలా ఉందక్కా. నువ్వు పెట్టె పెట్టాక అయిదు ట్రిప్పులు వెళ్లొచ్చాం, ఒక్కసారి దగ్గలేదు. బొట్టు మాత్రం పెట్టలేదు. మేస్త్రి వచ్చి పెట్టాలి కదా అని అలాగే ఉంచాం. ఇప్పుడెవరు పెడతారు?" ఆ అయిదు ట్రిప్పులూ ఆయన మంచం మీద నుంచే చూసి ఉండాల్సింది. గుడివాడలో కూర్చుని నేను ఆపాను.

అంటే, అప్పటికింకా నాకు ఆ మాట పూర్తిగా తెలియదు. పాత ఫోన్ వల్ల అనే నమ్మకం ఎక్కడో మిగిలే ఉంది. నాలుగు రోజుల తర్వాత అది కూడా పోయింది. సంఘంవాళ్లు ఇక ఆలస్యం వద్దు, అన్ని ఇళ్లకీ ఇచ్చేద్దాం అన్నారు. లింకు పంపాను. అరగంటలో మొదటి ఫోన్ వచ్చింది, ఒక బోటు ఓనరు భార్య. "వస్తోందమ్మా, పోతోంది." తర్వాత ఇంకొకరు. తర్వాత ఎవరు చేస్తున్నారో కూడా చూసుకోలేదు. కొత్త ఫోన్లు, పాత ఫోన్లు, అన్నీ. అందరూ ఆయన మాటలే అంటున్నారు.

కేబులు పీకేశాను. ఆ యాప్ మొదలుపెట్టాక మొట్టమొదటిసారి, మావయ్య చేసినట్టే లింకు తెరిచి, నా ఫోన్లో ఎక్కించుకుని నొక్కాను. తెర తెల్లగా అయింది. బోటు బొమ్మ వచ్చింది. ఒకటి, రెండు, మూడు.

పేర్ల జాబితా దాచుకునేలా పెట్టి మళ్లీ బిల్డ్ చేశాను. ఈసారి రిపోర్టులో అక్షరాల బదులు పేరు కనపడింది. 'బోటు తిరిగొచ్చింది' అనే కబురుని అందుకునే భాగం. దాన్ని నేను తిన్నగా పిలవలేదు. కబురు వచ్చినప్పుడు దాని పేరుని బట్టి వెతికి పట్టుకునేలా రాశాను. పైనుంచి చూసిన సాధనానికి ఎవరూ దాన్ని పిలుస్తున్నట్టు అనిపించలేదు. పనికిరానిదని తీసేసింది. యాప్ తెరుచుకుంటుంది, ఏదో ఒక బోటు తిరిగొచ్చిందని కబురు వస్తుంది, దాన్ని అందుకునేది లేక యాప్ కూలిపోతుంది. ఈ భాగాన్ని తీయొద్దని ఒక్క వరస రాస్తే సరిపోయింది. మొత్తం పావుగంట.

ఆయన పెద్దవారు, ఆయాసంతో బాధపడ్డారు, నీ తప్పేముంది అంటున్నారు అందరూ. మా ఆయన అన్నారు, మా అమ్మ అంది. నా వల్ల పోయారని నేను అనడం లేదు. రెండు నెలలు ఒక మనిషి ఒకే ఒక్కటి చూడాలనుకున్నాడు, దానికి పావుగంట పని చాలు, నేను చెయ్యలేదు. దీనికి ఎవరి దగ్గరా ఓదార్పు లేదు, నాకు అక్కర్లేదు కూడా. చర్చిలో మోకాళ్ల మీద కూర్చుంటే ప్రార్థన రావడం లేదు. ఒకటి, రెండు, మూడు అని వస్తోంది.

ఆ రోజే 'వదిలేయి' అని మూలకి తోసిన రిపోర్టులు తెరిచాను. మావయ్య మర్చిపోలేదు. రోజూ ఉదయం అయిదింటికి, అంటే గిలకలదిండిలో ఉంటే షెడ్డు తాళం తీసే వేళకి, ఆ ఫోను నుంచి ఒక రిపోర్టు. ఒక్కరోజు తప్పలేదు. ఆయన నాతో ఆ ఊసెత్తడం మానేశారు గానీ చూడడం మానలేదు. వరసలు కిందికి జరుపుతూ పోయాను. ఆఖరుది మంగళవారం, అయిదు దాటి ఏడు నిమిషాలు. తర్వాత ఏమీ లేదు.

బోటు ఎక్కడెక్కడికి వెళ్లిందో సర్వరులో మొదటినుంచీ భద్రంగానే ఉంది. తీసి గీయించి చూశాను. గట్టు నుంచి బయల్దేరిన గీత మొగ దాటుతుంది, సముద్రంలో దూరంగా వెళ్లి చుట్టు తిరుగుతుంది, మళ్లీ అదే మొగలోంచి లోపలికి వస్తుంది. అయిదుసార్లు. వచ్చేటప్పుడు నెమ్మదిగా వచ్చింది, బరువుతో వస్తోందన్నమాట. ఆయన చూడాలనుకున్నది ఇదే. ఆయన బదులు నేను చూశాను.

పెద్దకర్మ రోజు బాగుచేసిన యాప్ పట్టుకుని నాగాయలంక వెళ్లాను. ఈసారి కేబులు తీసుకెళ్లలేదు. భోజనాలయ్యాక వదినకి మొత్తం చెప్పాను, ఏదీ దాచలేదు. ఆవిడ విని నాకు మంచినీళ్లు తెచ్చిచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది. మావయ్య మంచం ఇంకా తీయలేదు. దిండు పక్కన ఫోను చార్జింగులో ఉంది. తీసుకోబోయాను.

"ఇది మార్చకు" అంది వదిన.

"ఇప్పుడు పనిచేస్తుంది వదినా. తాడు విప్పే చూశాను."

"పనిచేస్తే నేనేం చూసుకోవాలి అందులో? రోజూ అయిదింటికి నాన్న పైకి లెక్కపెట్టుకుంటుంటే నేను వంటింట్లో వినేదాన్ని. మూడు అనగానే టీ తెచ్చిచ్చేదాన్ని. ఈ మూడు నాలుగు రోజులుగా నేను నొక్కుతున్నాను, నేనే లెక్కపెడుతున్నాను. నువ్వేం అనుకోకు. అది అలాగే ఉండనీ."

నేను ఫోను తిరిగి దిండు పక్కన పెట్టేశాను.

ఇప్పుడు యాప్ అందరికీ పనిచేస్తోంది. సంఘంవాళ్లు మెచ్చుకుంటున్నారు. డ్రైవరు ఇంకా ఇంజనుకి బొట్టు పెట్టలేదు, ఎవర్నీ పెట్టనివ్వడం లేదు. నా తెర మీద ఇంకా పాత యాప్‌తో ఒకే ఒక్క ఫోను మిగిలింది. 'వదిలేయి' అని నొక్కినదాన్ని నేను రద్దు చేశాను, కాబట్టి ఆ ఫోను నుంచి అయిదింటికి రిపోర్టు రాగానే గుడివాడలో నా ఫోను ఒకసారి మోగుతుంది. అప్పటికి లేచే ఉంటున్నాను. నాగాయలంకలో ఆ ఖాళీ మంచం దగ్గర తెర తెల్లగా వెలుగుతుంది, బోటు బొమ్మ వస్తుంది, వదిన మూడు దాకా లెక్కపెడుతుంది, ఆరిపోతుంది.